బడి గంట, ప్రోగ్రామర్, మేము

మా బడి ఆవరణలో చింతచెట్టు కొమ్మకు ఒక రైలు పట్టా ముక్క వేలాడుతూ ఉంటుంది. అదే మా బడి గంట. దాన్ని ఎవరు తెచ్చి కట్టారో మాకు తెలియదు. తుని స్టేషను వైపు నుంచి వచ్చిందని ఊళ్ళో పెద్దవాళ్ళంటారు. ఇనప కడ్డీతో కొడితే ఆ చప్పుడు వాగు దాటి అవతలి గుంపు ఇళ్ళ దాకా వినిపిస్తుంది. గంట కొట్టే వంతు కోసం పిల్లలు గొడవ పడేవారు. కొట్టేవాడికి టైము చూడటం రావాలి కాబట్టి చాలామంది గడియారం చూడటం నేర్చుకున్నది ఆ వంతు కోసమే.

కొన్నేళ్ళ కిందట ఒక దాత మా బడికి ఆటోమేటిక్ బెల్ ఇచ్చారు. ఆకుపచ్చ రేకు పెట్టె, పైన బడి పేరు, జిల్లా పేరు. ప్రార్థనకు, ప్రతి పీరియడుకు, అన్నానికి, రాత్రి చదువుకు దానంతట అదే మోగుతుంది. మొదటి నెల ఊరంతా వచ్చి చూసి వెళ్ళారు. రైలు పట్టా వైపు ఎవరూ వెళ్ళడం మానేశారు.

మార్చి నెల మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పొద్దున్న 7.45కి బడి, 12.30కి ఇంటికి. పెట్టెకు ఆ సంగతి తెలియదు. అది పాత టైముకే మోగింది. లెక్కల పాఠం నడుస్తుండగా ప్రార్థన గంట, పిల్లలు అన్నం తిని పడుకున్నాక పీరియడు గంట. పెట్టె మీద టైము మార్చే బటన్ ఒక్కటీ లేదు. తయారు చేసినతనికి ఫోన్ చేశాం. రావాలంటే కారు ఖర్చు, మార్చినందుకు వేరే ఖర్చు అన్నాడు. వచ్చే ఏడు మళ్ళీ మార్చాలన్నా అంతే అన్నాడు. తర్వాత ఆ నంబరు పని చేయడం మానేసింది. మేము పెట్టె ప్లగ్గు పీకి మళ్ళీ రైలు పట్టా దగ్గరికి వచ్చాం.

ఈ వ్యాసం ఆ పెట్టెను మేమే దిద్దుకున్న కథ. దిద్దుకోవడానికి ఒక పనిముట్టు కావాలి. దాని పేరు ప్రోగ్రామర్. ఏ ప్రోగ్రామర్ కొనాలో తెలియక మేము ఒకసారి డబ్బు పోగొట్టుకున్నాం. కొన్నాక ఒక పిల్లవాణ్ణి కూడా పోగొట్టుకోబోయాం. మాలాగే కొండ పక్క బడుల్లో పని చేసే టీచర్లకు, చదువుకుంటున్న మన పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాం.

ముందు మా సంగతి. మేము ఈ బడిలో ముగ్గురం ఆదివాసీ టీచర్లం. బొమ్మూరు డైట్‌లో టీచర్ ట్రైనింగ్ చేసిన కాలంలో మాకు నేర్పిన బోధనోపకరణాలు అట్టముక్కలు, చింతపిక్కలు, పూసల చట్రం. ఎలక్ట్రానిక్స్ మేము చదవలేదు. నలభై దాటాక పిల్లలతో పాటు కూర్చుని నేర్చుకున్నాం. తెలిసినవాళ్ళు చదివితే ఇందులో చాలా చిన్న విషయాలుంటాయి. చిన్న విషయాలే మమ్మల్ని ఎక్కువ తిప్పలు పెట్టాయి.

పెట్టెను మొదట విప్పింది తొమ్మిదో తరగతి పిల్లవాడు. వాళ్ళ ఇల్లు కొండ మీద. సెలవుల్లో తునిలో సెల్‌ఫోన్ రిపేరు షాపులో నిలబడి చూసి స్క్రూడ్రైవర్ పట్టడం నేర్చుకున్నాడు. "మాస్టారండి, ఒకసారి విప్పి చూద్దామండి, మళ్ళీ బిగించేస్తానండి" అని వారం రోజులు మా వెంట తిరిగాడు. సరేనన్నాం.

లోపల పెద్దగా ఏమీ లేదు. కరెంటును 5 వోల్టులకు దించే చిన్న సప్లై ఒకటి. బెల్లును వేసి ఆపే రిలే ఒకటి. కరెంటు పోయినా టైము గుర్తుంచుకునే గడియారం ముక్క, దానికి బిళ్ళ బ్యాటరీ. నడుమ 28 కాళ్ళ నల్లటి జెర్రిలాంటి చిప్, సాకెట్‌లో కూర్చోబెట్టి ఉంది. భూతద్దం పెట్టి చదివితే ఏటీమెగా328పీ అని ఉంది.

ఈ చిప్‌ను మైక్రోకంట్రోలర్ అంటారు. పిల్లలకు మేము ఇలా చెప్పాం. చిప్ పలక. ఏ టైముకు గంట కొట్టాలి, ఎంతసేపు కొట్టాలి అనే ఆజ్ఞలు ఆ పలక మీద రాత. ఆ రాతనే ఫర్మ్‌వేర్ అంటారు. కంప్యూటర్‌లో మనం తయారు చేసిన రాతను చిప్‌లోకి ఎక్కించడానికి నడుమ ఒక బలపం కావాలి. ఆ బలపమే ప్రోగ్రామర్. ఈ పలక మీద 32 కిలోబైట్ల చోటుంది. చెరిపి మళ్ళీ రాయడం 10,000 సార్ల దాకా తట్టుకుంటుందని చిప్ తయారు చేసిన కంపెనీ తన పత్రంలో రాసింది. పిల్లలకు ఈ అంకె బాగా నచ్చింది. "పదివేల సార్లు తప్పు రాసినా పరవాలేదా మాస్టారూ?" అని అడిగింది ఒక పాప. పరవాలేదన్నాం. ఆ మాట తర్వాత మాకే అక్కరకొచ్చింది.

మేము తుని వెళ్ళాం. ఒక షాపులో "ప్రోగ్రామర్ కావాలండి" అంటే, "జీతం ఎంతిస్తారు మాస్టారూ, మా అబ్బాయి బీటెక్ చేసి ఖాళీగా ఉన్నాడు" అన్నాడాయన. నవ్వుకున్నాం గానీ, మా పిల్లలు కూడా అప్పటిదాకా ప్రోగ్రామర్ అంటే హైదరాబాదు నుంచి వచ్చే మనిషనే అనుకున్నారు.

ఇంకో షాపులో ఒక చిన్న పరికరం చూపించారు. పెన్‌డ్రైవ్ అంత ఉంది, పైన చిప్ పెట్టి మీట నొక్కే సాకెట్ ఉంది. "ఇదే ప్రోగ్రామర్, అన్నిటికీ పనికొస్తుంది" అన్నారు. ముగ్గురం తలా కొంత వేసుకున్న డబ్బులోంచి అది కొన్నాం. బడికి తెచ్చి చూస్తే మా చిప్పుకు 28 కాళ్ళు, ఆ సాకెట్టుకు 16 రంధ్రాలు. అది సీహెచ్341ఏ అనే రకం. కంప్యూటర్ బయాస్, టీవీ బోర్డుల్లో ఉండే 8 కాళ్ళ మెమరీ చిప్‌లు చదవడానికి, రాయడానికి చేసినది. ఆ పనికి అది మంచిదే. మేము ఏ చిప్పుకు కావాలో చెప్పకుండా కొన్నాం. చెప్పులు కొనడానికి వెళ్ళి కాలు కొలత చెప్పకుండా జత తెచ్చుకున్నట్టయింది.

అప్పుడు మా పాత విద్యార్థి ఒకతను గుర్తొచ్చాడు. ఐటీఐ చేసి విశాఖలో రిపేరు పని చేస్తున్నాడు. మా ఊళ్ళో సిగ్నల్ కల్వర్టు దగ్గరే వస్తుంది. సాయంత్రం అక్కడ నిలబడి ఫోన్ చేశాం. "మాస్టారూ, ముందు చిప్ పేరు చదవాలి. ప్రోగ్రామర్ పేరు తర్వాత" అన్నాడు. ఎనిమిదేళ్ళ కిందట మేము తిట్టి కూర్చోబెట్టిన కుర్రాడు మాకు మొదటి పాఠం చెప్పాడు.

అతని దగ్గర నేర్చుకున్నది క్లుప్తంగా రాస్తాం. మైక్రోకంట్రోలర్లలో కులాలున్నట్టు కుటుంబాలుంటాయి. ఒక కుటుంబం భాష ఇంకో దానికి అర్థం కాదు. ఏటీమెగా, ఏటీటైనీ అనే పేర్లతో మొదలయ్యేవి ఏవీఆర్ కుటుంబం. వీటికి ఐఎస్‌పీ పద్ధతిలో రాసే ప్రోగ్రామర్ కావాలి. పిక్ అని మొదలయ్యేవాటికి పిక్‌కిట్ రకం. ఎస్‌టీఎం32 రకాలకు ఎస్టీ-లింక్. ఈఎస్‌పీ8266, ఈఎస్‌పీ32 బోర్డులకు విడిగా ప్రోగ్రామర్ అక్కర్లేదు, చాలా బోర్డుల్లో యూఎస్‌బీ కేబుల్ పెడితే చాలు. ఆర్డ్యూనో బోర్డుల్లో కూడా కేబుల్ చాలు. ఎందుకంటే వాటి చిప్‌లో బూట్‌లోడర్ అనే చిన్న రాత ముందే ఉంటుంది, మిగతా రాతను అదే లోపలికి తీసుకుంటుంది. ఖాళీ చిప్‌కు ఆ సాయం ఉండదు. ఆ మొదటి రాత రాయడానికైనా ప్రోగ్రామర్ కావాలి.

మా చిప్ ఏవీఆర్ కుటుంబమని తేలింది. అయినా మా ముందు నాలుగు దారులున్నాయి.

మొదటిది యూనివర్సల్ ప్రోగ్రామర్. చిప్‌ను ఊడదీసి దాని సాకెట్‌లో పెట్టాలి. టీఎల్866 లాంటివి వేల రకాల చిప్‌లు రాస్తాయి. ధర వేలల్లో. రిపేరు షాపు పెట్టుకునేవాడికి అది అన్నం పెడుతుంది. మా బడిలో ఉన్నది ఒకే రకం చిప్.

రెండోది చిప్ కంపెనీవాళ్ళే అమ్మే పరికరం. నమ్మకంగా పని చేస్తుంది, ప్రోగ్రాం నడుస్తుండగా తప్పు ఎక్కడుందో లోపలికి చూసి చెబుతుంది. మేము అడిగిన దాని ధర పదివేలు దాటింది. మూడేళ్ళ సుద్దముక్కల ఖర్చు.

మూడోది యూఎస్‌బీఏఎస్‌పీ. థామస్ ఫిషల్ అనే ఆయన తయారు చేసి, దాని బొమ్మనూ లోపలి ప్రోగ్రామునూ అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. అందుకే ఎవరైనా చేసి అమ్ముతున్నారు, మూడు నాలుగు వందలకు దొరుకుతుంది. దాని లోపల ఉన్నది కూడా చిన్న ఏటీమెగా చిప్పే.

నాలుగోది ఖర్చు లేనిది. మా సైన్సు కిట్‌లో ఒక ఆర్డ్యూనో ఊనో బోర్డు ఉంది. ఆర్డ్యూనో ప్రోగ్రాం ఉదాహరణల్లోనే ఉన్న ఆర్డ్యూనోఐఎస్‌పీ అనేది అందులోకి ఎక్కిస్తే ఆ బోర్డే ప్రోగ్రామర్‌గా మారుతుంది.

ఏది మంచిది అని అడిగితే అన్నీ మంచివే అంటారు. మేము ప్రశ్న మార్చుకున్నాం. ఇంటర్నెట్ లేకుండా నడుస్తుందా? మా పాత ల్యాప్‌టాప్‌లో పని చేస్తుందా? పాడైతే మళ్ళీ కొనగలమా? తొమ్మిదో తరగతి పిల్లవాడి చేతికి భయం లేకుండా ఇవ్వగలమా? చివరి ప్రశ్నే మాకు ముఖ్యం. పదివేల పరికరం కొంటే అది బీరువాలో ఉంటుంది, తాళం హెడ్మాస్టరు గారి దగ్గర ఉంటుంది. ఇలా బీరువాల్లో ముసలివైపోయిన మైక్రోస్కోపులు మనలో చాలామంది చూశాం. పాడవుతుందన్న భయంతో పిల్లలు తాకకుండానే పాడైపోయాయి.

ఊనో బోర్డుతోనే మొదలుపెట్టాం. పని చేసింది గానీ వైర్లు ఊడిపోయేవి, రీసెట్ కాలు దగ్గర ఒక కెపాసిటర్ పెట్టాలి, అదీ ఊడిపోయేది. పైగా బోర్డు ప్రోగ్రామర్‌గా ఉన్నంతసేపూ మిగతా పిల్లలకు ప్రయోగాలకు బోర్డు ఉండదు. అందుకని యూఎస్‌బీఏఎస్‌పీ తెప్పించాలని నిర్ణయించాం. దాంతో పాటు ఒక కొత్త ఏటీమెగా328పీ కూడా. పాత చిప్‌ను తాకకుండా దాచి, కొత్తదాని మీద నేర్చుకుందామని. తుని నుంచి ఇటు రాజమండ్రి, అటు విశాఖ, ఎటు వెళ్ళినా దాదాపు వంద కిలోమీటర్లు. పాత విద్యార్థి విశాఖలో కొని, తెలిసినవాళ్ళ చేత రైల్లో తునికి పంపాడు.

కొనేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. ఒకటి, వోల్టేజి. యూఎస్‌బీఏఎస్‌పీ మామూలుగా 5 వోల్టులు ఇస్తుంది. 3.3 వోల్టుల సెన్సరో, మెమరీ కార్డో చిప్‌కు తగిలించి ఉంటే వాటిని తీసేశాకే రాయాలి. రెండు, డ్రైవర్. విండోస్‌లో జాడిగ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో డ్రైవర్ ఎక్కించాలి. లైనక్స్‌లో డ్రైవర్ గొడవ లేదు, వాడటానికి అనుమతి ఒక్కసారి ఇచ్చుకోవాలి. ఇవన్నీ తునిలో నెట్ ఉన్నప్పుడే దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాం. కొండ ఎక్కాక దిగి రావడం కష్టం.

ఆరు వైర్లు కలపాలి. కరెంటు ఏడో కాలికి, గ్రౌండు ఎనిమిదికి, రీసెట్ ఒకటికి, రాత వెళ్ళే వైరు 17కు, జవాబు వచ్చే వైరు 18కి, తాళం వేసే వైరు 19కి. పిల్లలు దాన్ని ఎక్కంలా బట్టీ పట్టారు. తాళం అంటే ఇక్కడ తప్పెటకు ఉన్నట్టు దరువు. ప్రోగ్రామర్ దరువు వేస్తుంటే చిప్ ఒక్కొక్క అక్షరం అందుకుంటుంది. కొత్త చిప్ ఫ్యాక్టరీ నుంచి నెమ్మదిగా, 1 మెగాహెర్ట్జ్ వేగంతో వస్తుంది. దరువు అందులో నాలుగో వంతు కంటే నెమ్మదిగా ఉండాలి. లేకపోతే చిప్ పలకదు, మనం పాడైందనుకుంటాం.

రాసే ముందు చిప్‌ను పేరు అడగాలి. ప్రతి రకానికీ ఒక గుర్తు ఉంటుంది. ఏటీమెగా328పీది 1ఈ 95 0ఎఫ్. తెర మీద ఆ గుర్తు కనిపించినప్పుడు గదిలో కేకలు. హాజరు పిలిస్తే "ఉన్నానండి" అన్నట్టుంది.

ఆ సాయంత్రమే పొరపాటు జరిగింది.

చిప్‌లో ఫ్యూజులు అనే అమరికలుంటాయి. మన ఇంటి ఫ్యూజు లాంటివి కావు. చిప్ ఏ గడియారంతో నడవాలి, ఎంత వేగంతో నడవాలి అనేది వాటిలో ఉంటుంది. కొత్త చిప్‌లో ఆ విలువ 62. లోపలి గడియారంతో పూర్తి 8 మెగాహెర్ట్జ్ వేగం కావాలంటే దాన్ని ఈ2 చేయాలి. పిల్లవాడు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మేము కాగితం చూసి చదువుతున్నాం. కరెంటు డిమ్ముగా ఉంది, కళ్ళజోడు ఇంట్లో ఉంది. ఈ0 అని చదివాం. అతను ఈ0 అని కొట్టాడు.

రెండు బదులు సున్నా. ఈ0 అంటే చిప్ లోపలి గడియారం వదిలేసి బయటి నుంచి దరువు వచ్చేదాకా ఆగాలి. బయట దరువు ఏమీ లేదు. చిప్ మూగబోయింది. పేరు అడిగితే పలకలేదు. వైర్లు మార్చాం, కేబుల్ మార్చాం, కంప్యూటర్ ఆపి వేశాం. పలకలేదు. మాలో ఒకరం విసుగ్గా "అయిపోయింది, చిప్ పోయింది" అన్నాం. ఎవరి వల్ల పోయిందో అనలేదు. కానీ కీబోర్డు మీద వేళ్ళున్నది పిల్లవాడివి.

మర్నాడు అతను క్లాసులో లేడు. హాస్టల్లో అడిగితే తెల్లారే ఇంటికి వెళ్ళిపోయాడన్నారు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు కూడా రాలేదు. మన పిల్లలు ఎలా బడి మానేస్తారో మనకు తెలుసు. పెద్ద గొడవ ఏదీ ఉండదు. ఒక చిన్న మాట పడతారు, ఇంటికి వెళతారు, జీడితోటలో పనుంటుంది, అలా ఉండిపోతారు. తర్వాత రిజిస్టరులో డ్రాపౌట్ అని రాస్తాం.

నాలుగో రోజు సాయంత్రం మేమే కొండ ఎక్కాం. ఇంటి ముందు తండ్రి ఉన్నాడు. మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. మంచం వాల్చాడు. లోపలికి వెళ్ళి ఒక సంచీ తెచ్చి మా ముందు పెట్టాడు. చింతపండు.

"మావోడు గవర్నమెంటు మిషను పాడుసేసాడంటండి మాస్టారండి. ఎంతవుద్దో సెప్పండి. ఇది అమ్మితే కొంతొత్తాది. మిగతాది జీడిపిక్కలు తెగాక కడతానండి" అన్నాడు.

పిల్లవాడు గుమ్మం చాటున ఉన్నాడు. మాకు మాట రాలేదు. మూడు వందల రూపాయల చిప్. పలికించే దారి ఉందో లేదో మేమింకా వెతకనైనా లేదు. దాని కోసం ఆ ఇంట్లో మూడు రోజులుగా ఏం మాట్లాడుకున్నారో ఊహించుకుంటే సిగ్గేసింది.

"పాడు చేసింది మీవాడు కాదండీ, మేము. రెండు అని చదవాల్సింది సున్నా అని చదివాం. వాడు మేము చెప్పిందే కొట్టాడు" అన్నాం. ఆయన నమ్మలేదు. మాస్టార్లు మర్యాదకు అంటున్నారనుకున్నాడు. కాగితం తీసి చూపించాం. ఆయనకు చదవడం రాదు. పిల్లవాణ్ణి పిలిచి చదవమన్నాం. వాడు కాగితం తీసుకుని చదివాడు. ఈ2. మళ్ళీ చదివాడు. మా మొహం చూశాడు. "మరి ఆరోజే సెప్పొచ్చు కదండి" అన్నాడు.

నిజమే. ఆ రోజే చెప్పాలి. తప్పు మాదని మాకు ఆ రాత్రే తెలిసింది. గదిలో పదిమంది పిల్లల ముందు ఒప్పుకోవడానికి మనసు రాలేదు. పదివేల సార్లు తప్పు రాసినా పరవాలేదని పిల్లలకు చెప్పినవాళ్ళం, మా మొదటి తప్పు దగ్గరే నోరు మూసుకున్నాం. చింతపండు సంచీ తిరిగి ఇచ్చి, మర్నాడు పిల్లవాడితో పాటు కొండ దిగాం. క్లాసులో అందరి ముందూ జరిగింది చెప్పాం.

తర్వాత కల్వర్టు దగ్గరికి వెళ్ళి ఫోన్ చేస్తే పాత విద్యార్థి నవ్వాడు. "చిప్ చచ్చిపోలేదు మాస్టారూ, దరువు కోసం ఎదురు చూస్తోంది. బయటి నుంచి దరువు ఇవ్వండి, లేస్తుంది" అన్నాడు. చిప్‌లో తొమ్మిదో కాలు బయటి గడియారం అందుకునే కాలు. ఊనో బోర్డు తొమ్మిదో పిన్ను నుంచి ఎడతెగకుండా దరువు వచ్చేలా చిన్న ప్రోగ్రాం ఎక్కించాం. అక్కడి నుంచి చిప్ తొమ్మిదో కాలికి ఒక వైరు, రెంటికీ గ్రౌండు కలిపి ఇంకో వైరు. రాసే పని యూఎస్‌బీఏఎస్‌పీది. కీబోర్డు ముందు అదే పిల్లవాడు. ఈసారి విలువ వాడే కాగితంలో చదువుకున్నాడు, పక్కనున్న పాప రెండోసారి పైకి చదివింది.

పేరు అడిగాడు. 1ఈ 95 0ఎఫ్.

ఈ2 రాశాడు. ఊనో వైరు తీసేసి మళ్ళీ అడిగాడు. పలికింది.

ఇందులోనే ప్రోగ్రామర్ ఎంపికకు జవాబు కూడా మాకు దొరికింది. ఒక్కటే ఖరీదైన పరికరం కాకుండా, ఒకదాన్ని ఒకటి లేపగలిగే రెండు చవక పరికరాలు ఉంచుకోండి. యూఎస్‌బీఏఎస్‌పీ లోపలి రాత చెడితే ఊనో బోర్డుతో దానికి మళ్ళీ రాయవచ్చు. ఊనోలో చిప్ మూగబోతే యూఎస్‌బీఏఎస్‌పీతో దాన్ని లేపవచ్చు. ఒక్క హెచ్చరిక. రీసెట్ కాలును మూసేసే ఫ్యూజు ఒకటుంది. అది మార్చితే ఈ రెంటితో మామూలు పద్ధతిలో లేవదు, 12 వోల్టుల పద్ధతి కావాలి. దాన్ని మాత్రం తాకకండి. మా గోడ మీద ఎర్ర సుద్దతో రాసి పెట్టాం.

ఇక పాత చిప్. దానిలోని ప్రోగ్రాంను చదివి టైములు మాత్రం మార్చుదామనుకున్నాం. చదవనివ్వలేదు. చేసినతను లాక్ బిట్లు వేశాడు. అంటే పలక మీద రాత ఉంది, మనకు కనపడదు. పూర్తిగా చెరిపితేనే తాళం పోతుంది, రాతా పోతుంది. దాన్ని అలాగే దాచి, కొత్త చిప్‌కు పిల్లలే కొత్త ప్రోగ్రాం రాశారు. ఆర్డ్యూనోలో బోర్డు పేరు దగ్గర 8 మెగాహెర్ట్జ్ ప్రో మినీ అని ఎంచుకుని, తయారైన హెక్స్ ఫైలును ఏవీఆర్‌డ్యూడ్‌తో ఎక్కించాం. మూడు టైం టేబుళ్ళు పెట్టారు. మామూలు రోజులు, ఒంటిపూట, పరీక్షలు. పెట్టె పక్కన మూడు స్థానాల స్విచ్ బిగించారు. తాళం వేయలేదు.

పెట్టె మూత లోపల ఒక కాగితం అంటించారు. ఆరు వైర్లు ఏ కాలికి కలపాలో, ఫ్యూజు విలువ ఎంతో, ప్రోగ్రాం ఏ పెన్‌డ్రైవ్‌లో ఉందో తెలుగులో రాశారు. ఈ2 కింద రెండు గీతలు గీశారు. మేము బదిలీ అయిపోవచ్చు, ఆ పిల్లలు పది పాసై వెళ్ళిపోవచ్చు. తర్వాత వచ్చినవాళ్ళు ఎవరి నంబరుకూ ఫోన్ చేయనక్కర్లేదు. పెట్టె మీద జిల్లా పేరు కూడా మార్చారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినా దాని మీద పాత తూర్పు గోదావరే ఉండిపోయింది. దానికి ప్రోగ్రామర్ అక్కర్లేదు, పెయింటు డబ్బా సరిపోయింది.

మన గురించి ఇతరులు రాసినవి మనం చాలా చూశాం. భూమి రికార్డు, కుల ధ్రువీకరణ పత్రం, రేషన్ కార్డులో పేరు. అక్షరం తప్పు పడితే దిద్దించుకోవడానికి ఎన్నిసార్లు కొండ దిగాలో మన తల్లిదండ్రులకు తెలుసు. రాసినవాడు దొరకడు, దొరికితే రేపు రమ్మంటాడు. అందుకే తప్పు రాత అంటే మన ఇళ్ళల్లో అంత భయం. చింతపండు సంచీ ఆ భయంలోంచే వచ్చింది. గంట టైము చిన్న విషయమే. కానీ మా పిల్లలు ఒక యంత్రంలోని రాతను చెరిపి, తప్పు రాసి, మళ్ళీ దిద్దారు. ఎవరి సంతకం కోసమూ ఆగలేదు.

2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకంలో ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా ఇచ్చేవారు. మీ బడికి అలాంటిది వస్తే మంచిదే. రాకపోయినా ఆగనక్కర్లేదు. ఒక ఊనో, ఒక యూఎస్‌బీఏఎస్‌పీ, రెండు విడి చిప్‌లు, గుప్పెడు వైర్లు. రెండు వేల లోపే మొదలుపెట్టవచ్చు. రెండు చిప్‌లు ఎందుకంటే ఒకటి పలకకపోయినా ఆ రోజు ఎవరూ ఇంటికి వెళ్ళిపోకుండా. ఈ పనిముట్ల వెనక ఉన్నవాళ్ళు కూడా మొదట విద్యార్థులే అని పిల్లలకు చెప్పండి. ఏవీఆర్ చిప్ ఆలోచన నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో చదువుకుంటున్న ఆల్ఫ్-ఎగిల్ బోగెన్, వేగార్డ్ వోలన్ అనే ఇద్దరిది. ఆర్డ్యూనో 2005లో ఇటలీలోని ఇవ్రియాలో, విద్యార్థులు చవకగా నేర్చుకోవడానికి పుట్టింది.

టీచర్లకు ఇంకో మాట. పిల్లవాడి చేతిలో ఏదైనా ఆగిపోతే, ముందు మీరు చదివిన కాగితం చూసుకోండి. తప్పు మీదైతే ఆ సాయంత్రమే చెప్పండి.

ఈ ఏడు మార్చిలో ఒంటిపూట బడులు మొదలైన రోజున ఆ పిల్లవాడు ముందు రాత్రే స్విచ్ తిప్పాడు. ఇప్పుడు పదో తరగతి. పొద్దున్నే వచ్చి పెట్టె కింద నిలబడ్డాడు. 7.45కి గంట మోగింది. వాడు ఏమీ అనలేదు, పుస్తకాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

చింతచెట్టుకు రైలు పట్టా ఇంకా ఉంది. కరెంటు లేని రోజుల్లో అదే మా గంట. వంతులు మళ్ళీ మొదలయ్యాయి.